ఎడమకంటి అబద్ధం

మా నాయన బిట్రగుంట లోకోషెడ్డులో ఇంజన్ డ్రైవరు. నన్ను కూడా ఇంజనెక్కించాలన్నది ఆయన కోరిక. నాకూ అంతకు మించిన కోరిక లేదు.

నా ఎడమకంటికి చూపు సరిగా లేదని పన్నెండేళ్ళు వచ్చేదాకా నాకే తెలియదు. అవి యాభైల చివరి రోజులు. రైల్వే కాలనీలో కళ్ళగంతలు ఆడుతుంటే గుడ్డ జారి కుడికంటి మీద మాత్రమే నిలిచింది. "ఎడంకన్నుతో చూస్తా ఉండాడు, దొంగాట" అని పిల్లలు గోల చేశారు. నాకు మాత్రం ఎదుట రంగుల మసక తప్ప మనుషులు కనపడలేదు.

నెల్లూరులో కంటి డాక్టరు కుడికన్ను బాగానే ఉందనీ, ఎడమకంటికి చాలా ఎక్కువ పవరు అద్దం కావాలనీ చెప్పారు. "నాలుగైదేళ్ళప్పుడే తీసుకురావాల్సింది. అయినా అద్దాలు విడవకుండా పెట్టుకుంటే కోలుకున్నా కోలుకోవచ్చు" అన్నారు. ఆ చివరి మాటే మా నాయన మనసులో పెట్టుకున్నాడు.

చేయించిన కళ్ళజోడులో ఒక అద్దం పలచన, రెండోది సోడాసీసా అడుగంత మందం. ఆ బరువుకు జోడు ఎప్పుడూ ఎడమవైపు ఒరిగేది. పెట్టుకుని చూస్తే ప్రతి వస్తువూ రెండుగా కనపడేది. కుడికంటికి పెద్దది, దాన్ని ఆనుకుని ఎడమకంటికి చిన్నది. ఆ రెండూ ఎంతకీ కలిసేవి కావు. స్టేషన్ వంతెన దిగుతూ, ఏ మెట్టు నిజమో తెలియక పడి మోకాళ్ళు పగలగొట్టుకున్నాను. తలనొప్పి ముదిరితే వాంతులయ్యేవి.

వారం తర్వాత నాయన డ్యూటీ దిగి వచ్చి, మసి కడుక్కోకుండానే అడిగాడు.

"ఏంరా, అద్దాలతో బాగా కనపడతా ఉందా?"

ఆయన ముఖంలోని ఆశ చూసి, "బాగా కనపడతా ఉంది నాయనా" అన్నాను.

ఆ మాటను ఆరేళ్ళు మోశాను. ఎవరూ లేనప్పుడు ఎడమకన్ను మూసుకునేవాణ్ణి. ఇంట్లో వాళ్ళ ముందు తెరిచి, తల తిరుగుతున్నా ఓర్చుకునేవాణ్ణి. సెలవు దొరికితే నాయన నన్ను ప్లాట్‌ఫారం చివరకు తీసుకుపోయి, ఇంజన్ పనికి అద్దాలు ఒప్పుకోరని వాటిని తీయించి, దూరాన సిగ్నల్ రెక్కలు చూపించి అడిగేవాడు.

"సిగ్నల్ దిగిందా?"

"దిగింది నాయనా."

"దాని వెనకది?"

"దిగలేదు."

ఒక్క జవాబూ తప్పేది కాదు. అన్నీ కుడికన్ను చెప్పిన జవాబులే. ఒక కన్ను మూసి చూడమని ఆయన ఏనాడూ అనలేదు.

స్కూలు ఫైనలు అయ్యాక షెడ్డులో క్లీనరు పనికి పిలుపొచ్చింది. డ్రైవరు కావాలంటే మొదటి మెట్టు అదే. వైద్య పరీక్షకు బెజవాడ వెళ్ళాం. డాక్టరు నా కుడికంటికి అట్ట అడ్డం పెట్టారు. బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా నాకు అక్షరంలా కనపడలేదు. తోచింది చెప్పాను. "ఇంకోసారి చూడు" అన్నారాయన మెత్తగా. మరొకటి చెప్పాను. ఆయన ఎడమకన్ను తప్పిందని కాగితం మీద రాసి, బయట ఉన్న నాయన చేతికిచ్చి వెళ్ళమన్నారు.

తిరుగు రైల్లో కావలి దాటాక నాయన అడిగాడు.

"నీకు ఇంజన్ పని ఇష్టం లేదా?"

"ఎడంకన్ను కనపడదు నాయనా. అప్పట్నుంచీ అంతే. నీకు అబద్ధం చెప్పినా."

"సిగ్నళ్ళన్నీ చెప్పినావే."

"కుడికన్నుతో చూసి చెప్పినా."

"బొగ్గు పనికి భయపడినావు. ఆ మాట ముందే చెప్పుంటే సరిపోయేది గదా."

ఇంటికి రాగానే కుడికన్ను అరచేత్తో మూసుకుని, నువ్వే పరీక్ష చెయ్యమన్నాను. ఆయన గోడ దగ్గర నిలబడి వేళ్ళు చూపించాడు. ఎన్నో తెలియడం లేదన్నాను. "తెలియదని చెప్పడానికేముంది" అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కనపడుతోందని ఆరేళ్ళు నమ్మించిన నాకు, కనపడదని ఆ ఒక్కరోజు నమ్మించడం చేతకాలేదు.

కావలిలో ఒక బట్టల కొట్లో కుదిరాను. మరుసటి ఏడు పక్కింటి డ్రైవరు కొడుకు క్లీనరుగా చేరాడు. సాయంత్రాలు నాయన అతన్ని వరండాలో కూర్చోబెట్టుకుని ఇంజన్ పొయ్యిలో మంట రంగును బట్టి బొగ్గు ఎలా వెయ్యాలో చెప్పేవాడు. నేను లోపల గదిలో కూర్చుని వినేవాణ్ణి.

కొన్నేళ్ళకు ఆయన మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడైనా నిజం చెప్పరా, నేనేమీ అనను. కావాలనే తప్పు చదివినావు గదా?"

"లేదు నాయనా. కనపడలేదు."

చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. మూడు రోజులకు పోయాడు. అవునని ఉంటే ఆయన మనసు కుదుటపడేదేమో. ఆ పూట ఆ మాట నా నోటికి రాలేదు.