అక్క కాలేయంలో తెల్లమచ్చలు

గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్‌లో పదిహేనేళ్లుగా ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నాన్న పోయాక మిరపకోతలకీ, పత్తి తీతకీ వెళ్లి నన్నీ చదువు చదివించింది మా అక్క.

రెండేళ్ల క్రితం ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. మొన్న ఎండాకాలం కాలేయంలో గడ్డలున్నాయేమోనని అనుమానం వచ్చింది. ఎమ్మారైకి ముందు మామూలుగా ఎక్కించే మందు ఆ కిడ్నీలు తట్టుకోలేవని మా డాక్టరమ్మ ఇనుము మందు రాశారు. అయస్కాంతానికి స్పందించే, కంటికి ఆనని ఇనుప రేణువులవి.

"ఒంట్లో తుప్పు పట్టదంట్రా?" అంది అక్క, సెలైన్‌లో అది ఎక్కుతుంటే.

"రక్తం లేనోళ్లకీ ఇదే ఇస్తార్లే అక్కా."

మర్నాడు స్కాన్. ఒంటి మీద లోహమేదీ ఉండకూడదు, కానీ పెళ్లినాటి ముక్కుపుడక ఊడిరాలేదు. కొబ్బరినూనె రాసి నేనే మెల్లగా తిప్పి తీశాను. నొప్పికి కళ్లు చెమర్చినా నవ్వింది.

బాగున్న కాలేయం ఆ రేణువుల్ని మింగి తెర మీద నల్లబడుతుంది. గడ్డలు మింగలేవు, తెల్లగా మిగిలిపోతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు నల్లటి కాలేయం నిండా తెల్లమచ్చలు కనిపించాయి. మైకులో "ఊపిరి బిగబట్టు" అనడం మర్చిపోయి, వాటిని లెక్కపెడుతున్నాను.

"ఏరా, పలకవేం? అయిపోయిందా?" లోపలి నుంచి ఆమే అడిగింది.

"ఇంకాసేపక్కా."

బయటికొచ్చాక, "ఏం కనపడిందిరా?" అంది.

"డాక్టరమ్మ చూసి చెప్పాలి. మాకేం తెలుస్తుంది?"

నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?" అని మాట మార్చేసింది.

క్యాన్సరని రిపోర్టు వచ్చాక కూడా, కాలేయం వాపు తగ్గడానికి మందులిచ్చారనే చెప్పాను. ఆదివారాలు ఊరెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని, వానల గురించీ మిరప నారు గురించీ మాట్లాడి వచ్చేవాణ్ణి. పత్తి పగిలే రోజుల్లో అక్క పోయింది.

పెద్దకర్మ అయ్యాక బావ చెప్పాడు: "స్కాన్ తీసిన్నాడే దానికి తెలిసిపోయింది. 'వాడి మొహం చూశాను, వాణ్ణేం అడగమాక, తట్టుకోలేడు' అంది."

ఆ నాలుగు నెలలూ ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఇద్దరం కలిసి ఒక్కసారైనా ఏడవలేదు.