బోరు లేని సినిమా

మోసం అంటాడేమిటి మా అన్న? దోహాలో మా ఇంటికి వచ్చే డ్రైవర్లను నాన్న మోసం చేశాడని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద అప్పట్లో రేడియోలో వచ్చిన అమెరికా పాటల అసలు అర్థాలు కూడా అతికించాడు. ఫోన్ కింద పెట్టకుండా మూడుసార్లు జవాబు టైపు చేసి చెరిపేశాను. తిట్లు తప్ప ఏమీ రావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తొంభైలలో మేము దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో స్టోర్ కీపర్. సెలవురోజైన శుక్రవారం ఊరి బయటి ఉమ్ సలాల్ నుంచి, అరబ్బుల ఇళ్ళలో కార్లు నడిపే నలుగురు హౌస్ డ్రైవర్లు భోజనానికి వచ్చేవారు, అందరూ మా కడప జిల్లావాళ్ళే. సరిగ్గా అప్పుడే రేడియోలో ఒక ఇంగ్లిష్ కార్యక్రమం వచ్చేది. అమెరికా పల్లెటూరి పాటలు, మధ్యలో కబుర్లు. ఏమంటున్నాడో చెప్పమని నాన్నను అడిగేవారు. ఆయన ఇంగ్లిష్ సరుకు చీటీల వరకే. ముక్కుతో పాడే ఆ మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. తెలియదనడానికి నామోషీ అనిపించి కథ అల్లేశాడు. పాడేవాడికి వేరుశనగ చేనుంది, బోరు ఎండిపోయింది, భార్య అలిగి పుట్టింటికి పోయింది. వారం వారం కథ పెరిగింది. డ్రైవర్లు చెప్పులు విడుస్తూనే బోరు సంగతి అడిగేవారు.

ఆ కార్యక్రమాన్ని సినిమాగా కూడా తీశారని నలుగురిలో పెద్ద డ్రైవర్‌కు ఎవరో చెప్పారు. ఆయన వీడియో క్యాసెట్ సంపాదించి తెచ్చాడు. తెర మీద పెద్ద హాలు, డాన్సులు, రేడియో స్టేషన్ నడపాలనుకునే ఒక అమ్మాయి, చివర పెళ్ళి. చేను లేదు. బోరు లేదు. అది తెలియడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు. సగంలోనే నాన్న టీ పెడతానని లేచి వంటింట్లోకి పోయాడు. సినిమా అయిపోయినా బయటికి రాలేదు. వెళ్ళి చూస్తే గిన్నె పొయ్యి మీద ఉంది, పొయ్యి వెలిగించలేదు. ఈ నలుగురూ ఇక మా ఇంటికి రారని భయపడుతున్నాడని ఏడేళ్ళ నాకే తెలిసిపోయింది.

పెద్ద డ్రైవర్ వంటింటి గడప దాకా వచ్చాడు.

"ఏమల్లుడా, సినిమావోళ్ళు కతంతా చెడగొట్నారే."

నాన్న పొయ్యి మీది గిన్నెను అటూ ఇటూ జరిపాడు.

"నువ్వు చెప్పిందే బాగుండె. వచ్చే శుక్రవారమన్నా ఆ బోర్లో నీళ్ళు పడతాయా, లేదా?"

వెనక నుంచి ఇంకొకాయన, భార్యను కూడా తొందరగా తిరిగి రప్పించమని నవ్వుతూ అడిగాడు. అప్పుడు వెలిగించాడు నాన్న పొయ్యి.

మరుసటి శుక్రవారం నలుగురూ వచ్చారు. రేడియో పాడుతూనే ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు. నాన్న మొహమే చూస్తూ కూర్చున్నారు. ఆయన తక్కువవాడా, బోరులో నీళ్ళు పడేసరికి ఇంకో మూడు వారాలు పట్టించాడు. అన్నీ తెలిసి వచ్చి, ఇంకా చెప్పమని అడిగినవాళ్ళు మోసపోయారని మీరూ అంటారా?