డిస్కు పూజలో ఉన్న రాత్రి

దెయ్యాలనీ మహిమలనీ నేను ఏనాడూ నమ్మలేదు. మా షాపుకి ఎవరైనా వచ్చి కంప్యూటర్‌కి ఏదో పట్టిందండీ అంటే, ముందు ఇంటికెళ్లి ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మంటాను. సగం దెయ్యాలు అక్కడే వదిలిపోతాయి. మిగతావి నేను వదిలిస్తాను. అమలాపురంలో ఈ పనికి నాకు పేరుంది. గొప్పలు పోవడం కాదు, ఉన్నమాటే. ఒక్క చోట మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది చెబుతాను.

సముద్రం వైపు ఒక ఊళ్లో సత్తిబాబు గారు, ఆయన భార్య లక్ష్మి గారు రొయ్యల చెరువు చేస్తున్నారు. లక్ష్మి గారు చాలా ఏళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చారు. తిరిగి వచ్చిన రోజు కూతురు ఆవిణ్ణి గుర్తుపట్టక నాయనమ్మ వెనకాల దాక్కుందట. ముందటి పంట రోగం తగిలి పోయింది. ఈ పంట కూడా పోతే ఆవిడ మళ్లీ కువైట్ వెళ్లాల్సిందేనని ఇంట్లో అనుకున్నారు.

రాత్రిపూట చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు నీళ్లను చిలికే ఏరియేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. ఆ సంగతి చూసుకునే కంప్యూటర్‌ని గట్టు మీద షెడ్డులో పెట్టింది నేనే. ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు వేస్తుంది, మరీ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. ఆ ప్రోగ్రాం అంతా పక్కన వైరుతో తగిలించిన చిన్న నల్ల డిస్కులో ఉంటుంది. పాత కంప్యూటర్ కదా, పోతే డిస్కు తీసి ఇంకోదానికి తగిలించేయొచ్చని నా తెలివి. దీని ప్రాణమంతా ఈ పెట్టెలోనే ఉందమ్మా, జాగ్రత్త అని లక్ష్మి గారికి చెప్పాను కూడా.

దసరాకి ఆయుధపూజ అయిన మర్నాడు పొద్దున్నే సత్తిబాబు గారు ఫోన్ చేశారు. తెర నల్లగా అయిపోయి, ఏవో తెల్ల అక్షరాలు వచ్చి, కంప్యూటర్ అక్కడే ఆగిపోయిందట. ముందు రోజంతా ముసురు. ఎండ లేని రోజు ఆక్సిజన్ ఇంకా తొందరగా పడిపోతుంది. కాఫీ అక్కడే వదిలేసి బండి తీశాను.

వెళ్లేసరికి ఏరియేటర్లు హాయిగా తిరుగుతున్నాయి. సత్తిబాబు గారు మేత ట్రే పైకి లాగితే అందులో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. హమ్మయ్య అనుకుని తీరిగ్గా తెర ముందు కూర్చున్నాను.

జబ్బు చిన్నదే. కంప్యూటర్ లేచేటప్పుడు తన డిస్కులన్నీ వెతికి తగిలించుకుంటుంది. మౌంట్ చేయడం అంటాం దాన్ని. చెప్పిన డిస్కు కనపడకపోతే కొన్ని కంప్యూటర్లు అక్కడే మొండికేసి కూర్చుంటాయి. ఇదీ అంతే, నల్ల పెట్టె దొరకలేదని ఆగిపోయింది. వైరు కదిలి ఉంటుందని వెనక్కి చెయ్యి పెట్టాను. వైరు చివర ఖాళీగా వేలాడుతోంది.

"పెట్టె ఏదమ్మా?" అన్నాను.

"పూజలో ఉందండీ, అన్నయ్యగారూ. ప్రాణం అందులోనే ఉందన్నారు కదండీ మీరు. కంప్యూటరంతా మోయలేక అదొక్కటీ పట్టుకెళ్లి అమ్మవారి దగ్గర పెట్టానండి."

వాళ్లింట్లో పూజకి పెట్టిన పనిముట్టుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపరు. కత్తిపీట, కొడవలి, బండి తాళం, వాటి పక్కన పసుపు కుంకాలతో నా హార్డ్ డిస్కు. ముందు రోజు సాయంత్రం ఆవిడ కంప్యూటర్ ఆపి, డిస్కు తీసి, మళ్లీ స్విచ్చు వేసి, పచ్చ దీపం వెలిగింది కదా అని షెడ్డుకి తాళం వేసి వెళ్లిపోయారు. కాపలా మనిషి పండక్కి అత్తారింటికి వెళ్లాడు.

నాకు ఒళ్లు మండింది. చదువుకున్న వాళ్లయినా ఇంతే, చదువు లేనివాళ్లయినా ఇంతే అని నోటికొచ్చినట్టు అనేశాను. ఆవిడ గట్టు మీద కూలబడిపోయారు.

"అయితే నా చేత్తో నేనే చంపేసుకునేదాన్నా అండీ?"

ఆ మాటకి నా కోపం దిగిపోయింది. ఏమీ కాలేదు కదమ్మా, చూడండి, తిరుగుతున్నాయి అంటూ ఏరియేటర్ల వైపు చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ప్రోగ్రాం ఊళ్లో అమ్మవారి ముందు ఉంది. మరి ఇవి ఎలా తిరుగుతున్నాయి?

బోర్డు చూశాను. స్విచ్చు ఆటో మీదే ఉంది, అంటే కంప్యూటర్ చెబితేనే తిరగాలి. మొగుడూపెళ్లాలు ఇద్దరూ బోర్డు ముట్టుకోలేదన్నారు. పక్క చెరువు రైతుని అడిగితే, రాత్రంతా ఆ చప్పుడు వింటూనే ఉన్నానండీ, కంప్యూటర్ ఉంటే ఎంత సుఖమో అనుకున్నాను అన్నాడు.

నాకు వెంటనే తట్టింది రిలే. కంప్యూటర్ మాటని మోటార్లకి చేర్చే చిన్న స్విచ్చు అది. ఒక్కోసారి అతుక్కుపోతుంది, అప్పుడు ఎవరూ చెప్పకపోయినా మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. అదే అయి ఉంటుందని వాళ్లకి ధీమాగా చెప్పాను.

ఈలోగా సత్తిబాబు గారు ఇంటికి వెళ్లి, ఉద్వాసన చెప్పించి డిస్కు తెచ్చారు. బొట్టు తుడిచి వైరుకి తగిలించాను. కంప్యూటర్‌ని ఇంకా ముట్టుకోలేదు. అది తగిలీ తగలగానే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. డ్యూటీ మారే మనిషి వచ్చాక పాత మనిషి లేచి వెళ్లిపోయినట్టుగా ఆగాయి. చెరువంతా నిశ్శబ్దం. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఈసారి డిస్కు మౌంట్ అయింది, ప్రోగ్రాం లేచింది, ఆక్సిజన్ చూసుకుని ఏరియేటర్లు వేసింది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే.

ఆ రిలే విప్పి, దాని చోట ఇంకోటి బిగించి, పాతదాన్ని షాపుకి తెచ్చుకుని ఎన్ని రకాలుగా పరీక్షించాలో అన్ని రకాలుగానూ పరీక్షించాను. ఒక్కసారి కూడా అతుక్కోలేదు. అయినా అతుక్కున్నదే అయితే, సాయంత్రం ఆవిడ కంప్యూటర్ ఆపినప్పుడు ఏరియేటర్లు ఎలా ఆగాయి? ఆగాయని ఆవిడ ఒట్టేసి చెబుతున్నారు. తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్లి, ఆ రిలే మళ్లీ బిగించి, డిస్కు తీసేసి కంప్యూటర్ వేసి చూశాను. అవే తెల్ల అక్షరాలు వచ్చాయి. ఒక్క ఏరియేటరూ కదల్లేదు.

ఇప్పుడు ప్రోగ్రాం కంప్యూటర్ లోపలికే మార్చేశాను. డిస్కు లేకపోయినా ఆగకుండా లేచేలా సెట్టింగు పెట్టాను. ఆ జబ్బు ఇక రాదు, ఆ హామీ నాది. లక్ష్మి గారు అమ్మవారి దయ అంటారు. సత్తిబాబు గారికి మాత్రం నేనే ఏదో చేసి చెప్పడం లేదని అనుమానం. ఒప్పేసుకుంటే పేరు నాకే వస్తుంది గానీ, నేను చేయలేదు.

పంట చేతికొచ్చింది. ఆ మధ్య కువైట్ ఏజెంటు ఫోన్ చేస్తే లక్ష్మి గారు ఫోన్ కూతురి చేతికిచ్చారట. "మా అమ్మ రాదండీ" అని చెప్పి ఆ పిల్ల పెట్టేసిందట. ఆ పిల్ల ఆ మాట అనగలిగేలా ఆ రాత్రంతా నీళ్లు చిలికింది ఎవరో, నాకు ఇప్పటికీ తెలియదు.