ఐలేశం తాత అమానతు

నార్కట్‌పల్లి రోడ్డు మీద పంచర్లు వేసే అహ్మద్ అలీ బిడ్డ మెహరాజ్‌కు రెండు విషయాల్లో మొండిపట్టు. ఒకటి, ఎవరు ఏ వస్తువు దాచమని ఇచ్చినా అడిగిన రోజు ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలి. "అమానతు పోగొట్టినోనికి అల్లా దగ్గర మాఫీ లేదు బిడ్డా" అని తండ్రి చిన్నప్పుడే చెవిలో నూరిపోశాడు. రెండోది, డాస్.

డాస్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి గదా. పాతకాలం కంప్యూటర్లో నల్లటి తెర, మూలన మిణుకు మిణుకుమనే ఒక గీత. మనం మాట కొడితే పని చేస్తుంది, కొట్టకపోతే యుగాలైనా అట్లాగే చూస్తూ కూర్చుంటుంది. భద్రమ్మ ప్రెస్సులో ఆ నల్లతెర ముందు కూర్చుని మెహరాజ్ నాలుగేళ్ళుగా పెళ్ళికార్డులూ కరపత్రాలూ కొడుతోంది. భర్త పోయాక ప్రెస్సును నెత్తిన వేసుకున్న భద్రమ్మకు ఈ పిల్లే కుడిచెయ్యి. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వస్తే మెహరాజ్ సర్పంచునైనా సరే గడప దగ్గరే నిలబెట్టేది.

తొంభై ఏడులో భద్రమ్మ నల్గొండ వెళ్ళి విండోస్ చూసొచ్చింది. ఇంకేముంది, ఆమెకు నిద్ర పట్టలేదు.

"ఏం అక్షరాలే మెహరాజూ! ముత్యాలు పేర్చినట్టున్నయ్. మనయి చూడు, ఎలుకలు కొరికినట్టు. గీ నల్ల దయ్యాన్ని ఇంకెన్నొద్దులు పట్టుకొని యేలాడుతం?"

"మార్చుడు నాకూ ఇష్టమే పెద్దమ్మా. గని గీ కంప్యూటర్ డబ్బాల జాగా లేదు, అంతా తుడిచి కొత్తది ఎక్కియ్యాలంట. లోపల ఐలేశం తాత కథ ఉన్నది. గది ఎటన్న పోతే?"

ఆ మాటకు భద్రమ్మ వెనక్కి తగ్గింది. ఐలేశం కథంటే ఆమెకూ భక్తే. ఆమె ఇంటి దేవుడు బీరప్ప, ఐలేశం ఆ బీరప్ప కథను ఏడు రోజులు డోలు మీద నిలబెట్టి చెప్పే ఒగ్గు కథకుడు.

కిందటేడు ఐలేశానికి గొంతులో పుండు లేచింది. పట్నం దవాఖానలో, కోస్తే ప్రాణం దక్కుతుంది గానీ గొంతు దక్కదని చెప్పేశారు. ముసలాయన నలభై రోజులు గడువడిగి, బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ప్రెస్సుకొచ్చాడు.

"బిడ్డా, నాకు సదువు రాదు. నా శిష్యులకు డోలొచ్చు, కథ రాదు. నా గొంతు పోకముందే గీ కథ నీ డబ్బాల పెట్టు. నీకిది అమానతు."

ఆ మాట అన్నాక ఆ పిల్ల కాదంటుందా! నలభై మధ్యాహ్నాలు ఆయన చెప్పాడు, ఈమె కొట్టింది. ఐలేశానికి అక్షరం రాదు గనక పద్ధతి ఒకటే. ఆయన ఒక మాట చెప్పేవాడు. ఆమె అదే రాగంలో పైకి అనేది. ఆయన తలాడించాకే వేళ్ళు మీటల మీద పడేవి. ప్రూఫు తీశాక మళ్ళీ మొత్తం రాగంతో చదివి వినిపించాల్సిందే. సాయబుల పిల్ల బీరప్ప కథ పాడుతోందని లారీ డ్రైవర్లు చాయ్ గ్లాసులతో కిటికీ దగ్గర గుమిగూడేవారు.

ఒక్కరోజు మాత్రం పద్ధతి తప్పింది. పసి బీరప్పను అడవిలో వదిలి తల్లి వెనక్కి తిరిగే ఘట్టం. ఐలేశం ఏడుస్తూ ఆగకుండా చెప్పుకుపోయాడు. మెహరాజ్ ఆయన్ను ఆపి రాగం అనలేదు. కళ్ళు తుడుచుకుంటూ పెదవి కదపకుండా కొట్టింది. తర్వాత ప్రూఫు చదవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "గది సదవకు బిడ్డా, మల్ల ఇనుడు నాతోని కాదు."

ఆపరేషన్ అయింది, గొంతు పోయింది. కథ మాత్రం కంప్యూటర్లో భద్రంగా ఉంది. దిద్దిన ప్రూఫు కాగితాలను భద్రమ్మ అలవాటు ప్రకారం మిర్చి బండికి ఇచ్చేసింది. డ్రైవర్లు బజ్జీల నూనె వాటితోనే తుడుచుకుని పారేశారు.

ఆరు నెలలు భద్రమ్మ బతిమాలింది, అలిగింది, సాధించింది. చివరికి తగలాల్సిన చోట తగిలే మాట అంది. "దేవుని కథ బిడ్డా. బీరప్ప పండుగకు తాత చేతుల పుస్తకం పెడుతవు గద, గా గుడ్డి అక్షరాలల్లనే పెడుతవా?"

మర్నాడు మెహరాజ్ వచ్చి, మారుద్దాం అంది.

అన్నది గానీ ఊరికే అనలేదు. కథను మూడు ఫ్లాపీల మీదికి ఎక్కించింది. ఫ్లాపీ అంటే అరచేతంత నల్లటి పలుచని బిళ్ళ. కంప్యూటర్ చదవడానికి దానికి ఒక సందు ఉంటుంది, ఆ సందులోంచి అక్షరాలు దాగే లోపలి రేకు కనిపిస్తుంది. అక్కడ వేలు కూడా తగలనివ్వకూడదు. మూడింటినీ రెండేసి సార్లు తెరిచి చూసుకుంది, అక్షరం పొల్లుపోలేదు. డబ్బాలో పెట్టి బీరువాలో దాచింది. మెకానిక్ దసరా అయ్యాక వస్తానన్నాడు.

పండుగ సెలవు అయిపోయి వచ్చేసరికి ప్రెస్సంతా పసుపు కుంకుమలే. కటింగ్ మిషనుకు దండ, కంప్యూటర్ నెత్తిన నిమ్మకాయ, ఫ్లాపీల డబ్బా మీద ఒక బంతిపువ్వు. పెద్దమ్మ కథను కూడా మరవలేదని మెహరాజ్‌కు ముచ్చటేసింది.

"అన్నీ తీసిపెట్టుకున్నవా చెల్లే? తుడిస్తే మల్ల రాదు" అన్నాడు మెకానిక్.

"తీసిపెట్టిన అన్నా."

తుడవాలా వద్దా అని నల్లతెర ఆఖరిసారి అడిగింది. ఆ మీట మెహరాజే నొక్కింది.

మధ్యాహ్నానికి తెర మీద నీలాకాశం, తెల్లమబ్బులు. భద్రమ్మ చప్పట్లు కొట్టింది. మెహరాజ్ నవ్వుతూ మొదటి ఫ్లాపీని డబ్బాలోంచి తీసి తీసినట్టే లోపలికి తోసింది. గరగరమని చప్పుడు. మిరపకాయలు నూరుతున్నట్టు ఒకటే గరగర. తెర మీద, చదవలేను అని ఒక ముక్క. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

బయటికి లాగి వెలుతురుకు పట్టుకుంది. యా అల్లా! సరిగ్గా ఆ సందులో, లోపలి రేకు మీద, ఎండిపోయిన పసుపు. దాని నడుమ గుండ్రంగా కుంకుమ బొట్టు. మూడింటికీ!

మూడింటినీ ఒడిలో పెట్టుకుని అట్లాగే గచ్చు మీద కూలబడింది.

"ఏమైంది బిడ్డా? నేనే పెట్టిన" అంది భద్రమ్మ, ఇంకా ముఖాన నవ్వుతోనే. "దేవుని కథ గిండ్లనే ఉన్నదంటివి గద. కత్తెరకు పెట్టి కథకు పెట్టకపోతే ఎట్లని, గా కన్ను లెక్క ఉన్న జాగల మంచిగ తడిపి పెట్టిన." మెకానిక్ ముఖం చూశాక గానీ ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయింది. మెకానిక్ దూదితో తుడిచాడు, స్పిరిట్ రాశాడు. రేకులు అప్పటికే గీరుకుపోయాయి.

మెహరాజ్ ఎవరిని తిడుతుంది? బొట్టు పెట్టింది భక్తితో. మీట నొక్కింది తను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఐలేశం ఊరికి పోయారు. ముసలాయన వాకిట్లో ఎండకు కూర్చున్నాడు, గొంతు దగ్గర బెజ్జం మీద గుడ్డముక్క. మెహరాజ్ కాళ్ళు పట్టుకుంది. "తాతా, నీ అమానతు పోగొట్టిన. కథ పోయింది. మొత్తం పోయింది."

ఆయన నమ్మలేనట్టు భద్రమ్మ వైపు చూశాడు. భద్రమ్మ తల దించుకుంది. ఐలేశం ముఖంలో రక్తపు చుక్క లేదు. గొంతు కోసిన రోజు కూడా అట్లా అయిపోలేదు ఆ మనిషి. మెల్లగా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ వీపును చూసి మెహరాజ్ తట్టుకోలేకపోయింది. ఏం చేయాలో తోచక, ఆగమాగమై, "మొదలైతే యాదికున్నది తాతా, ఇను" అంటూ మొదటి మాట రాగమెత్తింది. దాని వెంట రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. ఐలేశం గిర్రున ఇటు తిరిగాడు. ఆమెకే దిగ్భ్రమగా ఉంది, ఎక్కడివీ మాటలు? ఎప్పుడు లోపలికి పోయాయి? నలభై రోజులు అన్నదీ, మళ్ళీ చదివిందీ ఎక్కడికీ పోలేదు!

ముసలాయన పాకుకుంటూ పోయి డోలు తెచ్చాడు. ఆమె సరిగ్గా చెబితే దరువు సాగేది, తప్పితే డోలు అంచు మీద టక్కున కొట్టేవాడు. ఆమె వెనక్కి వెళ్ళి వెతుక్కునేది. అట్లా పదకొండు రోజులు ఆమె చెప్పింది. "దేంట్ల కొడుతవు బిడ్డా?" అని భద్రమ్మ భయం భయంగా అడిగితే, "ముందుగాల కాయితం మీద రాయి పెద్దమ్మా" అంది. భద్రమ్మే నోటుబుక్కుల్లో రాసింది.

నాలుగో రోజున అడవి ఘట్టం వచ్చింది. తల్లి బిడ్డను కింద పెట్టింది, వెనక్కి తిరిగింది. మెహరాజ్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఆమె ఆ మాటలను ఎన్నడూ పైకి అనలేదు, వేళ్ళతో కొట్టిందంతే.

ఐలేశం ఎదురుచూశాడు. తర్వాత తానే పెదవులు కదిపాడు. గొంతు బెజ్జంలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మెహరాజ్ ఆ పెదవులకేసి చూసి చూసి, ఒక్క మాటా పట్టుకోలేక, తల అడ్డంగా ఊపుతూ ఏడ్చింది. ఆయన పెదవులు మూసేసి డోలు అందుకున్నాడు. కథలో ఆ తల్లి ఏడ్పు ఎంతసేపు సాగేదో అంతసేపూ ఉత్త దరువే వాయించాడు.

పుస్తకం విండోస్‌లోనే, ముత్యాల్లాంటి అక్షరాల్లోనే తయారైంది. అడవి ఘట్టం దగ్గర ఒక పేజీ ఖాళీగా మిగిలింది. పైన ఒకే వాక్యం, "ఇక్కడ డోలు మోగాలి" అని.

"ఇంత తెల్లగ ఉంటే మంచిగుంటదా బిడ్డా? గీ విండోస్‌ల మస్తు బొమ్మలున్నయట గద, ఒక పువ్వన్న పెట్టరాదు?" అంది భద్రమ్మ.

మెహరాజ్ ఆమె వైపు తిరిగి చూసింది. భద్రమ్మ చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. దాని మీద ఏం పెట్టకు."