సముద్రానికి లస్కరు లేడు

నీళ్ళ గురించి మా ఇంట్లో అందరికీ తెలిసింది ఒక్కటే. వదిలితే వస్తాయి, కట్టేస్తే పోతాయి. ఆళ్ళగడ్డకు దగ్గర్లో కేసీ కాలువ కింద పల్లె మాది. కాలువకు నీళ్ళు వదిలేముందు లస్కరు వచ్చేవాడు. లస్కరంటే కాలువను కనిపెట్టుకుని ఉండే మనిషి. గట్టు మీద నిలబడి "నీళ్ళొస్తాండాయప్పో" అని ఒక కేకేసి పోయేవాడు. ఆ కేక వినబడేదాకా కాలువ మాదే. ఎండాకాలం కాలువ కట్టేయగానే పిల్లా పెద్దా బక్కెట్లు పట్టుకుని దిగి, అడుగున గుంతల్లో మిగిలిపోయిన చేపల్ని చేత్తో పట్టుకునేవాళ్ళం. అందులో మా అక్కను మించినవాళ్ళు లేరు. అందరూ తోక దగ్గర పట్టబోయి జారవిడుచుకుంటే, ఆమె తల వెనక పట్టి పైకి లేపేది.

ఆ అక్కే నన్ను పెంచింది. అమ్మ పోయేనాటికి నేను పాకుతున్నాను, అక్క అప్పుడప్పుడే వంట నేర్చుకుంటోంది. నాకు జడలు వేసింది, ఆదివారం చంకనేసుకుని చర్చికి తీసుకుపోయింది, నంద్యాలలో చదివించమని నాయనతో పోట్లాడింది. తను మాత్రం ఆ పల్లెలోనే పెళ్ళి చేసుకుని, ఆ నేలనే దున్నుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు నేను నంద్యాల హైస్కూల్లో సోషల్ చెప్తాను. భర్త పోయినా ఆమె ఇంకా శనగ పండిస్తూనే ఉంది. నాకు యాభై దాటాయి. అయినా ఆమెకు నేను ముక్కు తుడవాల్సిన పిల్లనే.

మా ఆయన అండమాన్ పోదామన్నప్పుడు, అక్క వస్తేనే నేనొస్తానని పట్టుబట్టాను. ఫోన్ చేస్తే ఒక్క మాటలో తేల్చేసింది.

"తాగేకి పనికిరాని నీళ్ళు సూసేకి అంత దూరం ఏంటికే?"

"వచ్చి సూస్తే తెలుస్తాది, రాక్కా."

"శనగ ఇంటికొచ్చినాంక సూద్దాం."

శనగ ఇంటికొచ్చింది. ఒక సంచీలో జొన్నరొట్టెలు, ఇంకో సంచీలో రెండు చీరలు వేసుకుని ఆమె కూడా వచ్చింది. విమానాన్ని పెద్దగా లెక్కచేయలేదు. బస్సే గదా, కుదుపు తక్కువ అని తేల్చేసింది. ఆమెను భయపెట్టింది పడవే.

పోర్ట్ బ్లెయిర్ నుంచి మేము ఉండబోయే చిన్న దీవికి పెద్ద పడవలో పోవాలి. లోపల సినిమా హాల్లో ఉన్నట్టు సీట్లు, ఏసీ. ఒడ్డు కనుమరుగయ్యేదాకా అక్క బాగానే ఉంది. తర్వాత అద్దానికి ముఖం ఆనించి అటూ ఇటూ చూసింది. నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"ఏమే, అవతలి గట్టు ఏదీ?"

"సముద్రానికి అవతలి గట్టు కనపడదక్కా."

"కనపడదా, లేదా? సరిగ్గా సెప్పు."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ప్రపంచ పటం గీసి చూపిస్తున్నదాన్ని, నేనూ అద్దంలోంచి గట్టు కోసం వెతికాను. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. పడవ అలల మీద లేచి పడినప్పుడల్లా అక్క నా మణికట్టు పట్టుకుని పైకే ప్రార్థన చేసింది. ముందు సీట్లో కొత్తగా పెళ్ళైన జంట వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నారు. మా ఆయన మాత్రం ఇదంతా ఫోన్‌లో వీడియో తీశాడు. ఇంటికి పోయాక చెప్తా నీ సంగతి అనుకున్నాను.

దీవి చిన్నది. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి పోవచ్చు. కొబ్బరి చెట్ల కింద చెక్కతో కట్టిన గదులు, గది ముందు నాలుగు అడుగులు వేస్తే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. చీకటి పడ్డాక చేరాం. తిని పడుకోబోయేముందు చూస్తే నీళ్ళు చెట్ల వేళ్ళ దాకా వచ్చి కొడుతున్నాయి. అక్క వంగి దోసిట్లోకి తీసుకుని నాలుక్కి అంటించుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక మడి గూడ తడవదు" అంది. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. కాలువ చివరి భూముల వాళ్ళకు నీటి వృథా చూస్తే అట్లాగే ఉంటుంది.

మర్నాడు తెల్లారి అక్క నన్ను తట్టి లేపింది. మా ఆయన గుర్రు పెడుతున్నాడు. అక్క నన్ను బయటికి లాక్కుపోయి చెయ్యి చాపి చూపించింది.

సముద్రం లేదు.

నిన్న రాత్రి నీళ్ళు ఉన్న చోటంతా నేల బయటపడి ఉంది. నల్లరాళ్ళు, నాచు, మధ్యమధ్యలో అద్దపు ముక్కల్లా గుంతలు. ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా అలలు. ఒడ్డున కట్టిన పడవలు ఇసుక మీద పక్కకు వాలి పడి ఉన్నాయి.  ఆటుపోట్ల పాఠం నాకు నోటికి వచ్చు. కళ్ళతో చూడటం ఇదే మొదలు.

"కట్టేసినారే!" అంది అక్క. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎవురూ కట్టెయ్యలేదక్కా. చంద్రుడు గుంజుతాడు. దినానికి రెండుసార్లు పోతాయి, రెండుసార్లు వస్తాయి."

"అయితే ఈడ చంద్రుడే లస్కరా? మరి వచ్చేముందర కేకెయ్యడా?"

ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. ఆమె గదిలోకి పోయి స్నానాల గదిలోని ప్లాస్టిక్ బక్కెట్ పట్టుకుని వచ్చింది. నేను వద్దనలేదు. పాఠం నా నోటికి తెలుసు గానీ, కాళ్ళకు తెలిసింది కాలువే. గుంతలు కనబడగానే నాకు కూడా పరికిణీ వేసుకునే వయసు మళ్ళీ వచ్చేసింది.

ఒడ్డు పక్కనే ఒక పల్లం ఉంది, చీలమండల దాకా నీళ్ళున్నాయి. దాన్ని దాటితే రాళ్ళ నేల కొంచెం ఎత్తుగా మొదలవుతుంది. అక్కడి నుంచి చాలా దూరం పోయాం. నీలం రంగు నక్షత్రపు చేప, చెయ్యి పెడితే ముడుచుకుపోయే పువ్వులాంటి జీవాలు, పసుపు మీద నల్ల చారల చేపలు. ఒక్కో గుంత దగ్గర "ఓర్నాయనో" అనడం తప్ప మాకు వేరే మాట రాలేదు. అక్క ఒక చేపను తల వెనక పట్టి పైకి లేపింది. అటూ ఇటూ తిప్పి చూసి, "పెళ్ళికూతురు మాదిరుంది, దీన్ని యాడ కూరొండేది" అని మళ్ళీ నీళ్ళల్లో వదిలేసింది. అంత సంతోషంగా ఆమెను నేను ఎన్నేళ్ళ తర్వాత చూశానో.

ఇద్దరం ఒక కన్ను అలల వైపే పెట్టుకుని ఉన్నాం. మా కాలువకు నీళ్ళు ఎగువ నుంచి, కళ్ళ ముందరే వస్తాయి. ఇక్కడ ఎగువంటే సముద్రమే గదా అనుకున్నాం. అలలు దూరంగానే ఉన్నాయి. ఇక పోదామని వెనక్కి తిరిగితే, మాకూ ఒడ్డుకూ మధ్య నీళ్ళు కదులుతున్నాయి.

నీళ్ళు మా ముందు నుంచి రాలేదు. పక్కల నుంచి చుట్టి వచ్చి మొదట ఆ పల్లాన్నే నింపేశాయి. పొద్దున చీలమండల లోతున దాటిన చోటు ఇప్పుడు వెడల్పాటి ఏరులా పారుతోంది.  ఇద్దరికీ ఈత రాదు. కాలువ పక్కన పుట్టిన ఆడపిల్లలకు మా వైపు ఈత ఎవరు నేర్పిస్తారు?

నా గొంతు నాకే కొత్తగా వినబడేట్టు అరిచాను. ఒడ్డున వాలిన పడవ దగ్గర ఒక మనిషి లేచి నిలబడ్డాడు. అదృష్టం, తెలుగువాడు.

"అమ్మా, కదలకండి! రాళ్ళ మీదే ఉండండి! పడవ తేలగానే వస్తాను!"

మమ్మల్ని కాపాడాల్సిన పడవ తేలాలంటే, మమ్మల్ని ముంచే నీళ్ళే ఇంకా పెరగాలి. అది అర్థమై అక్కకు చెప్పాను. అక్కకు అది బొత్తిగా నచ్చలేదు.

"వదిలినాంక నీళ్ళు పెరిగేదే గాని తగ్గుతాయా? ఈడ కూచ్చోని సచ్చేదేంది? బేగా రా!"

కాలువ విషయంలో ఆ మాట నిజం. నీళ్ళు వస్తున్నప్పుడు గట్టెక్కాలి, అంతే. ఆమె తన చీర కొంగును నా చున్నీ కొసతో కలిపి ముడి వేసింది. వానాకాలం వాగు దాటేటప్పుడు మా ఊరి ఆడవాళ్ళు చేసే పనే అది, ఒకరు జారితే ఇంకొకరు ఆపుతారని. బక్కెట్ అక్కడే వదిలేసి ఇద్దరం నీళ్ళల్లోకి దిగాం.

మోకాళ్ళు, నడుము, ఆ తర్వాత ఛాతీ. ఒడ్డు దగ్గరగానే ఉంది, పిలిస్తే పలికేంత దూరం. పడవ మనిషి "వద్దమ్మా, వద్దు" అని అరుస్తూ, పడవలోంచి తాడు కట్టిన ట్యూబు తీసుకుని నీళ్ళల్లోకి ఉరికాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున మా పాదాలు కూడా కనిపిస్తున్నాయి. పక్కవాటుగా నీళ్ళు తోసేస్తున్నాయి. అక్క నాకు దిగువ వైపు ఉంది. ఉన్నట్టుండి ఆమె కాలు ఏదో గుంతలో పడింది, గడ్డం దాకా దిగిపోయింది. ముడి బిగుసుకుని నేనూ అటు వైపు ఒరిగాను.

అప్పుడు చూశాను. నీళ్ళ కింద ఆమె రెండు చేతులూ ముడి దగ్గర ఉన్నాయి. ముడి బిగిస్తోందని అనుకున్నాను.

నా మీద బరువు పోయింది.

నేను కాళ్ళ మీద నిలదొక్కుకుని తల తిప్పేసరికి అక్క అంత దూరంలో ఉంది. తల ఒక్కటే కనబడుతోంది. అరవడం లేదు. చేతులు కొట్టుకోవడం లేదు. నా వైపు చూస్తోంది, అంతే. నేను అరిచే అరుపులకు ఆ పడవ మనిషి నా వైపే ఈదుతూ వచ్చాడు. అక్క కూడా నీళ్ళల్లోంచి ఒక చెయ్యి తీసి నన్నే చూపించింది, ముందు దాన్ని పట్టుకో అన్నట్టు.

"నన్ను కాదయ్యా, మా అక్కను! మా అక్కను!"

అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దిశ మార్చి అటు పోయాడు. అక్క తల ఒకసారి మునిగింది. మళ్ళీ తేలింది. ఇంకోసారి మునిగింది. నేను మునివేళ్ళ మీద నిలబడి, నోట్లో ఉప్పునీళ్ళతో ప్రభువును పిలిచానో, తిట్టానో నాకు తెలియదు. అతని చెయ్యి నీళ్ళల్లోకి పోయి ఆమె జుట్టు పట్టుకుని పైకి వచ్చింది. ఆమెను ట్యూబు మీద వేసి, తాడు కొస నా వైపు విసిరాడు. దాన్ని పట్టుకున్నాక ఒడ్డుకు ఎలా చేరామో నాకు గుర్తు లేదు.

ఇసుక మీద అక్క బోర్లా పడుకుని నీళ్ళు కక్కింది. ఆ మనిషి ఆమె వీపు మీద చరిచి, కాసేపు చూసి, "ఏం కాదమ్మా, దేవుడున్నాడు" అన్నాడు.  చుట్టూ నలుగురైదుగురు చేరారు. నేను నా చున్నీ కొస పట్టుకుని చూశాను. ఎక్కడా చిరగలేదు. ముడి పడిన చోట ముడతలు మాత్రం ఉన్నాయి. తడిసిన ముడి దానంతటది ఊడిపోదు. ఎవరైనా పనిగట్టుకుని విప్పాలి.

"ముడి నువ్వే ఇప్పినావా?"

అక్క లేచి కూర్చుంది. జుట్టు నిండా ఇసుక. నా ముఖంలోకి చూడకుండా కొంగు పిండుకుంటోంది.

"మరి? నాతోపాటు నువ్వు గూడ పోవాల్నా?"

శనగ బస్తాలో పుచ్చు గింజ ఏరి పారేసినంత మామూలుగా చెప్పింది. ఛాతీ లోతు నీళ్ళల్లో, కాలు జారిన ఆ ఒక్క క్షణంలో ఆమె లెక్క వేసుకుని, నిర్ణయం తీసుకుని, వేళ్ళతో ముడి కూడా విప్పేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.  సముద్రం కూడా నన్ను అంత భయపెట్టలేదు.

నా చెయ్యి లేచింది. నన్ను పెంచిన మనిషిని, అంతమంది ముందు, చెంప మీద కొట్టాను.

 పడవ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. గది వైపు నుంచి మా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నేను కొట్టిన చెయ్యి అలాగే గాల్లో ఉంది, దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు.

అక్క చెంప తడుముకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. నా చేతిని పట్టుకుని కిందికి దించి, మరీ చల్లగా ఉందని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది.

"కొట్టినావు గదా" అంది. "సచ్చినోళ్ళు కొట్టరు. లెయ్, యాడన్నా టీ దొరుకుతాదేమో సూద్దాం."