పిట్టల తలుపుకు అద్దం

కాలేజీలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేకుండా పోయి చాలా కాలమైంది. మొదట్లో వడ్రంగమ్మ అన్నారు. ఈ వేసవి సెలవుల నుంచి బెజ్జాలక్క. ఆ పేరు పెట్టింది లెక్కల మేడం. కోపంతోనే పెట్టింది గానీ, పెట్టించుకున్న మనిషికి అది తెగ నచ్చేసింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి కార్పెంటర్ గారున్నారా అంటే, "బెజ్జాలక్కని మాట్లాడుతున్నా. ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతుంది.

మనిషి పొడుగు, మాట కరుకు, నవ్వు పెద్దది. చెవి మీద పెన్సిలు, జడలో రంపప్పొట్టు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. అలాగని ఆయన నేర్పిందేమీ లేదు. కొడుక్కి నేర్పుతుంటే కూతురు పక్కన కూర్చుని పట్టేసింది. కొడుకు ఉలి అవతల పడేసి లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. కూతురు వదల్లేదు. ఇళ్ళకి పనికెళ్ళిన కొత్తలో జనం ఆమె వెనక్కి తొంగి చూసి, "మేస్త్రి రాలేదామ్మా?" అనేవారు. "వచ్చింది. కాసిని మంచినీళ్ళిస్తే పని మొదలెడుతుంది" అనేది. మగవాడికిచ్చే కూలీలో సగమే ఇస్తామన్నవాళ్ళకి సగం తలుపే బిగించి వచ్చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమేనా అని అడిగితే, "పై సగమా, కింది సగమా అని అడగండి ముందు" అంటుంది.

ఇక బెజ్జాల సంగతి.

సెలవుల్లో ఆ కాలేజీ బడిపిల్లల్ని పిలిచి తరగతులు పెడుతుంది. పాట, నాటకం, లెక్కలు, కెమిస్ట్రీ ప్రయోగాలు, బొమ్మ రోబోలు. కిందటేడు వచ్చినవాళ్ళలో ఒక పిల్ల, నేనింక ఆ గదిలోకి వెళ్ళను అంది. ఎందుకమ్మా అని అడగాలి. అడగలేదు. ఆ గదిలో పాఠం చెప్పే సారు ఎంత మంచివాడో, ఎంత చదువుకున్నాడో, ఆయన దగ్గర సీటు దొరకడం ఎంత అదృష్టమో పెద్దలంతా కలిసి ఆ పిల్లకే పాఠం చెప్పారు. తీరా అడిగే వేళకి పిల్ల నోరు మూసుకుంది. ఇంకో పిల్ల కూడా చెప్పాక గానీ ఆ సారు ఉద్యోగం ఊడలేదు. కాలేజీ సిగ్గుపడాల్సింది ఆయనొక్కడి గురించే కాదు. మొదటి పిల్లకీ రెండో పిల్లకీ మధ్య పోయిన రోజుల గురించి కూడా.

సిగ్గుతో పాటు ఒక కొత్త అధికారి కూడా వచ్చింది. పిల్లల భద్రత చూడటమే ఆమె పని. చిన్న వయసు, చిన్న గొంతు, పెద్ద కళ్ళజోడు. ఎదురుగా భద్రత మేడం అని పిలిచేవారు, ఆమె అటు తిరగ్గానే సీసీ కెమెరా అనేవారు. ఆమె పెట్టిన మొదటి నియమం తేలికైనది. పెద్దవాళ్ళెవరూ ఒక్క పిల్లతో, బయటికి కనబడని గదిలో ఉండకూడదు. అందుకని పిల్లలు కూర్చునే ప్రతి గది తలుపుకీ ఒక అద్దం. దాన్ని ఎవరూ కప్పకూడదు. తలుపులు కోసే పని బెజ్జాలక్కది.

ఆ నెల ఆమెకి పండగే. రంపం పట్టుకుని వరండాలో అడుగుపెడితే చాలు, చదువుకున్నవాళ్ళంతా తమ తమ తలుపులకి వీపు ఆనించి నిలబడేవారు.

"విషవాయువులు బయటికొస్తాయండీ" అన్నాడు కెమిస్ట్రీ సారు.

"అద్దం పెడతాను సార్, దోమతెర కాదు."

నాటకం సారు, ప్రదర్శన అయ్యేదాకా రిహార్సల్ ఎవరి కంటా పడకూడదన్నాడు. "మీ నాటకం గురించి మీరు దిగులు పడకండి. తలుపులు బార్లా తీసినా ఎవరూ రారు" అంది. లెక్కల మేడం మాత్రం అసలు విషయం చెప్పేసింది. మధ్యాహ్నం పూట ఆవిడ తలుపు మూసి కాసేపు కునుకు తీస్తుందట.

"పడుకోండి మేడం, ఎవరొద్దన్నారు? గురక ఎలాగూ ఇప్పుడు కూడా వినబడుతోంది. మనిషి కూడా కనబడితే పిల్లలకి భయం పోతుంది."

బెజ్జాలక్క అనే పేరు పుట్టింది ఆ రోజే.

ఆమె తప్పు కూడా ఒకటుంది. మొదటి గదికి అద్దం తన కళ్ళ ఎత్తులో పెట్టేసింది. అందులోంచి ఆమెకీ, ఆమెలాంటి తాటిచెట్లకీ తప్ప ఎవరికీ లోపల ఏముందో కనబడదు. భద్రత మేడం మునివేళ్ళ మీద లేచి చూసి దిగింది. "అక్కా, పాఠం చెప్పేవాళ్ళ నెత్తి కనబడుతోంది. బెంచీ మీది పిల్ల కనబడద్దా? బయట నుంచున్న పిల్లకి లోపల ఎవరున్నారో తెలియద్దా?" అంది. నిజమే. ఆ తలుపు పీకి, నడుము నుంచి నెత్తి దాకా పొడుగ్గా, జానెడు వెడల్పున మళ్ళీ కోసింది. ఆ తర్వాత అన్నీ అలాగే.

చివరికి సంగీతం గది మిగిలింది.

ఆ తలుపు మామూలు తలుపు కాదు. పాత టేకు. దాని మీద అడుగు నుంచి పైదాకా ఒక తీగ, తీగ నిండా పిట్టలు. ఒకటి ముక్కుతో రెక్క గోక్కుంటుంది, ఒకటి పక్కదాని మీద అలిగి అటు తిరిగి కూర్చుంటుంది. చెక్కింది ఆమె తండ్రి. అందరూ పెద్ద మేస్త్రి అనేవారు ఆయన్ని. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఒక పూట ఆ తలుపు చూపించడానికి తీసుకురావడం వాళ్ళింట్లో ఆనవాయితీ. అద్దం పెట్టాలంటే అలిగిన పిట్ట దగ్గర్నుంచి నిలువునా కోయాలి.

బెజ్జాలక్క ఆ తలుపు ముందు రంపం కింద పెట్టి నిలబడింది. ఎంతసేపు నిలబడిందంటే, ప్రిన్సిపాల్ గారే తన గదిలోంచి బయటికొచ్చారు. వెనకాలే భద్రత మేడం.

"ఈ ఒక్కటీ కోయకుండా కుదరదా?" అన్నారు ప్రిన్సిపాల్. ఆయన మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించలేక అందరినీ కాస్త కాస్త నొప్పిస్తూ ఉంటారు. "కాలేజీకి ముఖంలాంటి తలుపు. పైగా మన సంగీతం సారు ఎలాంటివారో తెలిసిందే. ఆయన తలుపు తెరిచే పెట్టుకుంటానంటున్నారు."

"బరువు తలుపు సార్, దానంతటదే మూసుకుపోతుంది. రోజూ చూస్తున్నాను" అంది భద్రత మేడం.

"పోనీ, కోస్తే ఏమవుతుందో కార్పెంటర్ గారినే అడుగుదాం. పగులుతుందంటే మినహాయింపు ఇచ్చేస్తాను."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. పగలదు. గట్టి చెక్క, సరిగ్గా ఆరబెట్టి చేసిన తలుపు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు.

"పగులుతుంది సార్" అంది బెజ్జాలక్క.

భద్రత మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మర్నాటికి ఆ కాలేజీలో తలుపులకి అంటురోగం తగులుకుంది. కెమిస్ట్రీ సారు ఎదురొచ్చి, "మా తలుపు కూడా పాతదేనండీ. అద్దం తీసేసి చెక్క బిగించేయండి, ఎందుకైనా మంచిది" అన్నాడు. నాటకం గది తలుపు రాత్రికి రాత్రే బలహీనపడిపోయింది. లెక్కల మేడం తన అద్దానికి పెద్ద కేలండరు తగిలించేసింది. "అద్దం పగులుతుందేమోనని అడ్డం పెట్టానమ్మా" అంది నిద్రమొహంతో. బెజ్జాలక్క కేలండరు పీకబోయి ఆగింది. ఏ ముఖంతో పీకుతుంది? మినహాయింపు అనేది ఒక్కరికిచ్చి ఊరుకునేది కాదు. మంచివాళ్ళు అడుగుతారు, మంచివాళ్ళకి కాదనలేక ఇస్తాం, ఆ సందులోంచి దూరేవాడు మంచివాడో కాదో ఎవరూ చూడరు.

ఇంటికొస్తే మేనకోడలు కాచుకుని ఉంది. లారీ ఎక్కి వెళ్ళిన తమ్ముడి కూతురు. పద్నాలుగేళ్ళ పిల్ల, నోరు మాత్రం నలభై ఏళ్ళది. ఈ ఏడాది ఆ కాలేజీలోనే పాటల తరగతిలో చేరింది.

"అత్తా, మా గదికి అద్దం లేదంట కదా."

"మీ సారు మంచాయనే."

"మంచాయనే. ఆయనకి కోపం కూడా రాదు, పాపం. కానీ మంచోళ్ళ గదికి అద్దం అక్కర్లేకపోతే, అద్దాలున్నవాళ్ళందరూ ఎలాంటోళ్ళు? కెమిస్ట్రీ సారుకి చెప్పమంటావా?"

"చెప్పు, నీ చేత యాసిడ్ తాగిస్తాడు. తిండి తిను."

పిల్ల కంచంలో వేలితో గీతలు గీసింది. "కిందటేడు ఆ అక్క చెప్పినప్పుడు కూడా ఆ సారు మంచాయనే అన్నారంట అందరూ. రేపు నాకు ఏదైనా నచ్చకపోతే నేనెవరికి చెప్పాలి? నీకు చెప్తే నువ్వు కూడా తలుపు సంగతే చూస్తావేమో."

బెజ్జాలక్కకి వెంటనే జవాబు దొరకలేదు. అది ఆ ఇంట్లో ఎన్నడూ జరగని విషయం కాబట్టి, పక్క గదిలోంచి పెద్ద మేస్త్రి లేచొచ్చాడు.

"ఏ తలుపు?"

"పిట్టల తలుపు, తాతయ్యా. అద్దం పెట్టాలి. కోస్తే పగులుతుందని అత్త చెప్పింది."

ముసలాయన కూతురి వైపు చూశాడు. "ఏం పగులుతుందని చెప్పావు?"

"తలుపు, నాన్నా."

"ఎవరు చేసిన తలుపు?"

"నువ్వు చేసిందే. నీ పిట్టలు పోతాయని అలా చెప్పాను."

"పిట్టలు పోతే పిట్టలు పోతాయని చెప్పు. పగులుతుందని చెప్పడమేంటే? నేను పచ్చికర్రతో చేశాననుకోరూ? ఊరంతా చెప్పుకోరూ, పెద్ద మేస్త్రి తలుపు రంపం చూస్తేనే పగిలిందని?" ముసలాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "నా కడుపున పుట్టి నా పనికే వంకలు పెడతావా?"

పిల్ల ముఖం దాచుకోవడానికి నీళ్ళ గ్లాసు ఎత్తి తాగుతూనే ఉంది. గ్లాసులో నీళ్ళు అయిపోయి చాలాసేపయింది.

పొద్దున్నే పెద్ద మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. పరువు పోయినచోటే వెతుక్కోవాలని ఆయన లెక్క. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఆ తలుపు పగలదు. రంపం కాదు, గొడ్డలి పెట్టినా పగలదు. కావాలంటే నా ఎదురుగా కోయించండి" అన్నాడు.

ప్రిన్సిపాల్ బెజ్జాలక్క వైపు చూశారు. "మరి మీరు..."

"అబద్ధం చెప్పాను సార్. పగలదు. తలుపు మీద ప్రేమ కొద్దీ చెప్పాను."

"అందరూ ప్రేమ కొద్దీనే చెబుతారక్కా" అంది భద్రత మేడం నెమ్మదిగా. "సారు మీద ప్రేమ, కాలేజీ పేరు మీద ప్రేమ. కిందటేడు ఆ పిల్లతో కూడా ప్రేమగానే మాట్లాడారు."

బెజ్జాలక్క రంపం తీసుకుని నడిచింది.

తలుపు ఊడదీసి బల్లల మీద పడుకోబెట్టారు. సంగీతం సారు తనే ఒక చివర పట్టుకున్నాడు, పట్టుకుని వేలు నలగ్గొట్టుకున్నాడు. గీత పెద్ద మేస్త్రే గీశాడు. మూలల్లో చిల్లులు వేసి, రంపం దూర్చి, బెజ్జాలక్క మొదటి పోటు వేయబోయి ఆగిపోయింది. పెన్సిలు గీత సరిగ్గా అలిగిన పిట్ట మెడ మీదుగా పోతోంది.

"నాన్నా, ఇది పోతుంది."

"పోనీ. పిట్టలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, కర్రే లేదు. ఇంటికెళ్ళాక మంచి పలక చూసి పెట్టు." ముసలాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కోస్తావా, నన్ను కోయమంటావా?"

"నేనే."

కోసింది. ఆయన ఆపకుండా తిట్టాడు. రంపం అలా పట్టుకోకు అన్నాడు, చెయ్యి అదురుతోంది అన్నాడు, లారీవాడు నయం అన్నాడు. ఆమె పళ్ళు బిగపట్టుకుని కోస్తూనే ఉంది. చివరి అంగుళం దగ్గర ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ముక్క జారి కింద పడింది. పెద్ద మేస్త్రి వంగి, తెగిన అంచు మీద బొటనవేలు పైనుంచి కిందికి రాశాడు. ఎక్కడా చిన్న పగులు లేదు.

"చూశారా?" అన్నాడు ప్రిన్సిపాల్‌తో. ఆయన చూశారో లేదో గానీ, కెమిస్ట్రీ సారు చూశాడు, నాటకం సారు చూశాడు. ఇద్దరి తలుపులకీ అప్పటికప్పుడే నయమైపోయింది. బెజ్జాలక్క అద్దం బిగించి, చుట్టూ సన్నటి బద్దలు కొట్టి, లప్పం అద్ది, ఆ చేతులతోనే వెళ్ళి లెక్కల మేడం కేలండరు పీకేసింది.

అప్పట్నుంచీ పెద్ద మేస్త్రి రోజూ కాలేజీకి వస్తున్నాడు. తలుపు పగిలిందేమో చూడటానికని చెబుతాడు. వచ్చి అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడతాడు. ఒక రోజు అక్కడే నిలబడి కూతుర్ని చేత్తో పిలిచాడు.

"ఒకసారి చూడవే. అందరూ పాడుతున్నారు కదా. మనపిల్ల నోరు మాత్రం వేరేగా ఆడుతోందేంటి?"

బెజ్జాలక్క ముక్కు అద్దానికి ఆనించి చూసింది. చుట్టూ ఉన్న పిల్లలు నోళ్ళు తెరిచినప్పుడు మేనకోడలు మూస్తోంది, వాళ్ళు మూసినప్పుడు తెరుస్తోంది. కళ్ళు మాత్రం భక్తిగా అరమోడ్చి ఉన్నాయి.

తరగతి అయ్యాక వరండాలో పట్టుకుంది.

"ఏమే, ఇన్నాళ్ళూ అసలు పాడట్లేదా నువ్వు?"

"నాకు పాట రాదత్తా. బయటికి తెలియదుగా అని చేరాను." పిల్ల పిట్టల తలుపు వైపు చేదుగా చూసింది. "తాతయ్యా, పగులుతుందని ఒప్పేసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?"