పంచుకున్న ఒక్కపొద్దు

మా తమ్ముడు టిప్పరెక్కిన నాడే మా అమ్మ రాత్రి భోజనం మానేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బళ్లారి సీమంతా గనుల జోరు మీద ఊగిపోతున్న కాలమది. కుడతిని దారిలో ఖనిజం బండ్లు తోకలు పట్టుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి పోయేవి. పొద్దున ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి కావిరంగు తిరిగేవి. పెరట్లో కరివేపాకు కోస్తే రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే గానీ దాని అసలు రంగు బయటపడేది కాదు. పదో తరగతి తప్పిన పిల్లలు కూడా స్టీరింగు పట్టుకుని సెల్‌ఫోన్లు కొనుక్కున్నారు. అందరూ ఇల్లు చేరలేదు లెండి. దారి పక్కన బోల్తా పడ్డ బండి కనబడని వారం ఉండేది కాదు.

తమ్ముడు మొదటిసారి రేవుకు లోడు తీసుకుని బయల్దేరుతుంటే, అమ్మ బంపరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పైకి చేసిన ప్రార్థన అందరం విన్నాం. లోపల ఇంకో మాట ఇచ్చుకుంది. బిడ్డ ఈ బండి పనిలో ఉన్నన్నాళ్లు రాత్రి కూడు ముట్టనని.

మా చర్చి సంఘంలో ఇదేమీ వింత కాదు. మిషను కాలం నాటి పాత సంఘం మాది. ఈస్టరు ముందటి శ్రమదినాలు వచ్చాయంటే ఒకరు కాఫీ మానేస్తారు, ఒకరు మాంసం మానేస్తారు. పిల్లల పరీక్షలకూ కూతుళ్ల కాన్పులకూ తల్లులు ఒక పూట వదిలేసి ప్రార్థిస్తారు. కానీ వాటన్నిటికీ గడువుంటుంది. ఈస్టరు రానే వస్తుంది, బిడ్డ పుట్టనే పుడుతుంది. మా అమ్మ మొక్కుకు గడువు లేదు. ఏదో ఒక సీజను తోలి దిగిపోతాడులే అనుకుంది పిచ్చిది. దేశదేశాలు ఇనుము ఇనుమని అరుస్తుంటే టిప్పరు మీద నుంచి ఎవడు దిగుతాడు?

నేనప్పుడు కన్నడ బడిలో టీచరుని, అమ్మతోనే ఉండేదాన్ని. సాయంత్రం ట్యూషన్లు ముగించుకుని వచ్చేసరికి ఆమె కంచం కడిగి బోర్లించి ఉండేది. కడిగిన కంచాన్ని ఎవరు అనుమానిస్తారు? అమ్మకు షుగరు. కూడు మానింది గానీ మాత్ర మానలేదు. పొద్దు గూకగానే ఖాళీ కడుపు మీదే వేసుకునేది.

ఒక బుధవారం సాయంత్రం నేను ట్యూషన్ల నుంచి రాకముందే మా ఇంట్లో స్త్రీల కూడిక జరిగింది. అమ్మ ప్రార్థనకు లేచి, రెండు మాటలు పలికి, మోకాళ్ల మీదికి జారి, అలాగే ముందుకు వాలిపోయింది. ఇంకెక్కడైనా అయితే నీళ్లు తెమ్మని కేకలు వేస్తారు. మావాళ్లు పరిశుద్ధాత్మ దిగిందనుకున్నారు. స్తోత్రాలు రెట్టింపయ్యాయి. ఒకావిడ మూసిన కళ్లు తెరవకుండానే పాట ఎత్తుకుంది. ఇంకొంచెం సేపు అలాగే స్తోత్రం చేసి ఉంటే మా అమ్మ నేరుగా పరలోకానికే పోయుండేది.

కాపాడింది పక్కింటావిడ. ఆమెది మా మతం కాదు. ప్రతి శనివారం వెంకటరమణస్వామికి ఒక్కపొద్దుండే మనిషి. జల్లెడ తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. అందరిలో కళ్లు తెరిచి ఉన్నది ఆమె ఒక్కతే.

"ఏంది మీ పాటలు! ఆయక్కకు చెమట్లు ఎట్ల కార్తాండాయో చూడండి! చక్కెర తేండి, బేగ!" అని అరుస్తూ వచ్చి, అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, చిగుళ్లకు చక్కెర రుద్దింది.

ఆసుపత్రిలో గుట్టు రట్టయింది. రాత్రి తినకుండా ఈ మాత్ర వేసుకుంటే ఇంకోసారి ఆసుపత్రి దాకా కూడా రారని డాక్టరు చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నిన్నెవరు పస్తుండమన్నారు మా?" అని బెంచీ మీదే అరిచాను.

"సుమ్నే ఉండు పాపా, అరవొద్దు. దేవునికి మాటిచ్చినా."

"నీకు షుగరుండాదని ఆ దేవునికి తెలీదా?"

"నేను తిని, వానికేమన్నా అయితే? అప్పుడు ఆ ముద్ద నాకు యాడ దిగుతాది?"

మందుల చీటీ పట్టుకుని లేచాను. కోపం మటుకు తగ్గలేదు.

మా పాస్టరు అయ్యగారు వచ్చి నచ్చజెప్పారు. దేవుడు బేరాలాడడని, బిడ్డను కాచేది ఆయన కృపే గానీ ఆమె ఆకలి కాదని. అమ్మ భక్తిగా అంతా విని, "మాత్ర మానేస్తా అయ్యగారూ, మొక్కు మానలేను" అంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా అమ్మ డాక్టరునూ పాస్టరునూ ఒకే రోజు ఓడించింది. ఇక ఈమె దక్కదని నేను నిజంగానే భయపడ్డాను.

మరునాడు మధ్యాహ్నం, అమ్మను ఇంటికి తెచ్చాక, పాస్టరుగారి భార్య నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెను మేమంతా అమ్మగారు అంటాం. వచ్చీ రాగానే అసలు మాట ఎత్తింది.

"మొక్కు నీదేలే అక్కా, ఎవరూ తీసుకోరు. మోసేది మేము మోస్తాము. దినానికొక ఇల్లు రాత్రి పూట మానుతాది. నువ్వు తినల్ల."

"నా బిడ్డ కోసరం మీరెందుకు పస్తుండేది? నా సిలువ నేనే మోసుకుంటా."

"ప్రభువు సిలువే దోవలో ఇంకొకాయన మోసినాడు కదక్కా. నువ్వు ఆయన కంటే గట్టిదానివా?"

అమ్మ తల వంచుకుని, సరేనన్నట్టు ఊపింది. ఇంతలో గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది.

"శనివారం నాకియ్యండి. ఎట్లా ఒక్కపొద్దే కదా నాకు. మీ దేవునికీ, మా దేవునికీ, రెండు పనులూ ఒకేసారి అయితాయి."

అమ్మగారు తోటి ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి "ఆయ్తు, అట్లే కానీ" అంది. సంఘపెద్దల చెవిన పడితే దీని మీద ఒక సమావేశమే పెట్టేవారు. ఆడవాళ్లెవరూ వాళ్ల చెవిన వేయలేదు.

తమ్ముడికి ఫోనులో నేనే చెప్పాను. బండిని దారి పక్కన ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఆదివారం నాకియ్యండక్కా. బండి తోలేది నేను. నా కోసరం నేనొక పూట ఉండలేనా?" అన్నాడు. ఆ తర్వాత వాడు ఘాట్‌లో బండిని నిదానంగా దించడం మొదలుపెట్టాడట. ఆ రాత్రి ఎవరింట్లో పొయ్యి వెలగలేదో గుర్తొస్తే కాలు యాక్సిలరేటరు మీద ఆనదని వాడే నాతో అన్నాడు.

అమ్మకు మాత్రం పస్తు కంటే తినడం కష్టమైంది. మొదటి రాత్రి అమ్మగారి వంతు. జొన్నరొట్టె తుంచి, పుండికూర అద్దుకుని, ముక్క చేతిలో పట్టుకుని ఏడ్చింది. "ఆయమ్మ ఈ వేళకు ఆకలితో ఉంటాది" అంటూనే మింగింది. ఇన్నాళ్లూ అమ్మది ఇచ్చే చెయ్యి. ఇప్పుడు ఊరంతా ఇస్తుంటే పట్టాల్సొచ్చింది. తన్ను తాను ఉపేక్షించుకోవడమంటే కంచం పక్కకు జరపడమేనని ఆమెలాగే నేనూ అనుకునేదాన్ని. కంచం దగ్గరికి లాక్కోవడానికి అంతకంటే ఎక్కువ తెగింపు కావాలని ఆమె ముఖం చూశాక అర్థమైంది.

మంగళవారం నా వంతు. ఉపవాసాలంటే గిట్టని నేను ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాను. బడి నుంచి వచ్చి, రొట్టెలు తట్టి, అమ్మ ముందు కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. రొట్టె కాలిన వాసనకు నా కడుపు గట్టిగా అరిచింది. అమ్మకు వినబడింది. నా వైపు చూసింది, కంచం వైపు చూసింది. ఎక్కడ కంచం నా వైపు నెడుతుందోనని చేతులు వెనక్కి లాక్కున్నాను.

తలవంచుకుని తినడం మొదలుపెట్టింది. అది అయ్యాక, "ఇంకొకటి వెయ్యి పాపా" అంది.

రెండో రొట్టె కూడా తిని, కంచం వేలితో తుడుచుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆకలైతాందా?"

"అవును మా" అన్నాను. అబద్ధమాడబుద్ధి కాలేదు.

తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నాకు కడుపు నిండింది పాపా" అంది. నేను పుట్టినప్పటి నుంచి మా అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు.